చిట్టా, ఆవర్జా, అర్ధరాత్రి ఫోను: డీబీఏ పని గురించి

(డేటాబేస్ నిర్వహణ మీద నెల్లూరులో ఇంజినీరింగ్ విద్యార్థులకూ, చిన్న సంస్థల్లో సర్వర్లు చూసుకునేవాళ్ళకూ ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని ఎక్కించాం. తడబాట్లు తప్ప ఏమీ తియ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, కూర్చోండి.

ముందు ఒక మాట అడుగుతాను. చిట్టా, ఆవర్జా అంటే మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా, పెద్దవాళ్ళ చేతులే లేస్తున్నాయి. పిల్లలకు చెప్తాను. స్టోన్‌హౌస్‌పేట కొట్లలో గుమాస్తా ఏం చేసేవాడు? పొద్దుటి నుంచి జరిగింది జరిగినట్టు, వరసగా, చిట్టాలో రాసేవాడు. ఎవరికి ఎన్ని బస్తాలు పోయినాయి, ఎవరు ఎంత కట్టారు. సాయంత్రం తీరిగ్గా కూర్చుని ఒక్కో పేరు కింద ఆవర్జాలోకి ఎక్కించేవాడు. ఆవర్జా వానకు తడిసిపోయిందనుకోండి. పోయిన ఉగాదినాటి ఆవర్జా నకలొకటి ఉండి, ఆ తర్వాతి చిట్టాలన్నీ ఉంటే మళ్ళీ రాసుకోవచ్చు. మరి చిట్టా మధ్యలో నాలుగు పేజీలు చిరిగిపోతే? అక్కడితో ఆగిపోతాం. అవునా కాదా?

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ లోపల జరిగేది అచ్చంగా ఇదే. మీరు కమిట్, అంటే 'ఈ మార్పు ఖాయం', అన్నప్పుడు ముందు చిట్టా డిస్కు మీదకు చేరుతుంది. దాన్ని వాల్ అంటాం. ఒక్కో ఫైలు 16 ఎంబీ. ఆవర్జా, అంటే అసలు టేబుల్ ఫైళ్ళు, తర్వాత చెక్‌పాయింట్‌లో నిదానంగా రాస్తారు. డిఫాల్టుగా చెక్‌పాయింట్ 5 నిమిషాలకొకటి. కరెంటు పోయి సర్వరు లేచిందా, ఆఖరి చెక్‌పాయింట్ నుంచి చిట్టా చదువుకుంటూ వచ్చి ఆవర్జాను సరిచేసుకుంటుంది. వరసలు నిలువులుగా డేటాను దాచే ఈ రిలేషనల్ ఆలోచన ఎడ్గర్ కాడ్ అనే శాస్త్రవేత్త 1970లో రాసింది. బెర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్టోన్‌బ్రేకర్ బృందం 1986లో పోస్ట్‌గ్రెస్ మొదలుపెట్టింది. ఇప్పటి పేరు 1996లో వచ్చింది. చరిత్ర ఇక చాలు, పనిలోకి వెళదాం.

డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, డీబీఏ. ఏం చేస్తాడని అడిగితే బ్యాకప్ తీస్తాడు, పర్మిషన్లు ఇస్తాడు, స్లో అయితే చూస్తాడు అంటారు. అవన్నీ నిజమే. నేను ఇవాళ చెప్పేది ఒకటే మాట, మళ్ళీ మళ్ళీ అదే చెప్తాను, విసుక్కోకండి. డీబీఏ ఊళ్ళో లేని రోజు, ఆయన రాసిపెట్టిన కాగితం ముందు పెట్టుకుని ఇంకొకరు ఆ పని పూర్తి చెయ్యగలగాలి. ఆ కాగితం లేకపోతే ఎంత తెలిసినా ఆయన పని సగమే అయినట్టు.

పొద్దున్నే చూసేవి చెప్తాను. పావుగంట పని. మొదట డిస్కు. డేటా ఉన్న డిస్కు వేరు, వాల్ ఉన్న డిస్కు వేరు, రెండూ చూడాలి. 80 శాతం దాటితే కాగితం మీద రాసుకోండి, 90 దాటితే ఆ పూటే కదలండి. రెండోది బ్యాకప్. 'సక్సెస్' అని మెయిల్ వచ్చిందా అని చూడకండి, సైజు చూడండి. నిన్న 42 జీబీ, ఇవాళ 300 ఎంబీ ఉంటే ఆ సక్సెస్ ఎవరికి కావాలి? మూడోది రెప్లికా, అంటే అసలు డేటాబేస్‌ను చూసి ఇంకో మిషను మీద ఎప్పటికప్పుడు రాసుకునే నకలు, ఎంత వెనకబడింది. నాలుగోది, అన్నిటికన్నా ఎక్కువసేపటి నుంచి తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్ ఏది. ట్రాన్సాక్షన్ అంటే బిగిన్‌తో మొదలై, కమిట్‌తో ఖాయమయ్యే, లేదా రోల్‌బ్యాక్‌తో రద్దయ్యే పనుల కట్ట. అయిదోది, ఎర్రర్ లాగ్‌లో కొత్త మాట ఏమన్నా కనపడిందా. అంతే.

మూడోదాని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే చిన్న సంస్థల్లో డేటాబేస్ నిలిచిపోయే దారుల్లో ఇదొకటి, పైగా ఎవరికీ చప్పుడు వినపడదు. రెప్లికా కోసం మనం ప్రైమరీ మీద, అంటే అసలు డేటాబేస్ మీద, స్లాట్ పెడతాం. స్లాట్ అంటే ఏంది? 'రెప్లికా చదివేదాకా చిట్టా పారెయ్యొద్దు' అని ప్రైమరీకి చెప్పడం. సరే. శుక్రవారం రాత్రి 8కి రెప్లికా మిషను ఆగిపోయింది. ఎవరూ చూడలేదు. మీ సిస్టమ్ 10 సెకన్లకొక వాల్ ఫైలు పుట్టిస్తుందనుకోండి. లెక్క కట్టండి. నిమిషానికి 6 ఫైళ్ళు, 96 ఎంబీ. గంటకు 5,760 ఎంబీ. సోమవారం పొద్దున 9కి 61 గంటలు. ఎంతయింది? 351 జీబీ పైన. డిస్కులో ఖాళీ 300 జీబీ ఉందా, ఆదివారం అర్ధరాత్రి దాటేసరికే నిండిపోతుంది. నిండితే చిట్టా రాయడానికి చోటు లేదు. చోటు లేకపోతే పోస్ట్‌గ్రెస్ ఆగిపోతుంది. రెప్లికా ఆగితే ప్రైమరీ కూడా ఆగింది, చూశారా!

అప్పుడు కంగారులో చేసే తప్పు ఒకటుంది. వాల్ ఫోల్డర్లోకి పోయి పాత ఫైళ్ళు డిలీట్ చేస్తారు. చెయ్యొద్దు. దండం పెట్టి చెప్తున్నా, చెయ్యొద్దు. అవి చిట్టా పేజీలు. అవి పోతే డేటాబేస్ మళ్ళీ లేవకపోవచ్చు. ఒకప్పుడు ఆ ఫోల్డరు పేరు పీజీ_ఎక్స్‌లాగ్. పేరులో లాగ్ అని ఉంది కదా, ఏదో పనికిరాని లాగ్ అనుకుని ఎంతోమంది తుడిచేశారు. అందుకే 2017లో వచ్చిన పదో వెర్షన్‌లో ఆ పేరు పీజీ_వాల్ అని మార్చారు. ఒక ఫోల్డరు పేరు మార్చాల్సి వచ్చిందంటే ఎన్ని ఇళ్ళు కాలి ఉంటాయో ఆలోచించండి. సరైన పని: ఆ రెప్లికాతో ఇక పనిలేదంటే స్లాట్ తీసెయ్యండి, తర్వాతి చెక్‌పాయింట్‌లో పాత ఫైళ్ళు అదే వదిలించుకుంటుంది. లేదా డిస్కు పెంచండి. ముందుజాగ్రత్తగా మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ అని ఒక సెట్టింగ్ ఉంది, 13వ వెర్షన్ నుంచి. 50 జీబీ అని పెడితే అంతకు మించి ఆ స్లాట్ కోసం చిట్టా ఆపదు. రెప్లికా మళ్ళీ కట్టుకోవాల్సి రావచ్చు, రానివ్వండి. ప్రైమరీ నిలబడుతుంది.

ఇప్పుడు రీస్టోర్, అంటే బ్యాకప్ నుంచి డేటాను తిరిగి తెచ్చుకోవడం. ఇక్కడ ఎక్కువసేపు ఉంటాను.

బ్యాకప్ ఉందా అంటే అందరూ ఉందంటారు. ఎంతసేపట్లో తిరిగి తెస్తారు అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. లెక్క కడదాం. 200 జీబీ బ్యాకప్ వేరే ఊళ్ళో ఉంది. మీ ఆఫీసు లైను 100 ఎంబీపీఎస్. సెకనుకు పన్నెండున్నర ఎంబీ. లైను పూర్తి వేగంతో, ఒక్కసారి కూడా తెగకుండా వచ్చినా 16,000 సెకన్లు. నాలుగున్నర గంటలు. ఇది కేవలం కిందకు దించుకోవడానికి. తర్వాత విప్పాలి, లోడ్ చెయ్యాలి, ఇండెక్సులు, అంటే త్వరగా వెతకడానికి పనికొచ్చే సూచీలు, కట్టాలి. యజమానికి మీరు ఏం చెప్పారు? గంటలో తెస్తామని. ఆ గంట ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరూ కొలవలేదు కాబట్టి వచ్చింది.

అందుకని నెలకోసారి, ఏదో ఒక పాత మిషను మీద, ఖాళీ డిస్కు నుంచి మొదలుపెట్టి నిజంగా రీస్టోర్ చెయ్యాలి. చేతిలో గడియారం పెట్టుకుని, ఒక్కో మెట్టుకు ఎన్ని నిమిషాలో రాయాలి. అప్పుడు బయటపడతాయి అసలు సంగతులు. బ్యాకప్ తీసే పీజీ_డంప్ అనే పనిముట్టు ఒక డేటాబేస్‌ను తీస్తుంది గానీ, యూజర్లనూ పాస్‌వర్డ్‌లనూ తియ్యదు. అవి పీజీ_డంప్‌ఆల్‌కు గ్లోబల్స్ ఓన్లీ అని చెప్పి విడిగా తియ్యాలి. ఇది తెలియకపోతే డేటా అంతా వచ్చి కూర్చుంటుంది, అప్లికేషన్ మాత్రం లోపలికి రాలేదు. ఎక్స్‌టెన్షన్లు కొత్త మిషన్లో ఇన్‌స్టాల్ చెయ్యలేదని మధ్యలో ఆగుతుంది. నాలుగు కోర్ల మిషన్లో పీజీ_రీస్టోర్‌కు ఒకే జాబ్ ఇస్తే ఒక కోరు పనిచేస్తుంది, మిగతా మూడూ ఊరికే ఉంటాయి. నాలుగు జాబ్‌లు ఇవ్వండి. అంతా అయ్యాక అనలైజ్ నడపండి, లేకపోతే ఏ దారిన వెతకాలో తేల్చే ప్లానర్ దగ్గర సరైన లెక్కలుండవు, క్వెరీలు ఏడుస్తాయి.

అయింది. అయిందని ఎట్టా తెలుసు? లోపం లేకుండా ముగిసిందంటే సరిపోదు. రైసుమిల్లు డేటా అయితే ఆఖరి బిల్లు తేదీ ఎంత, నిన్నటి మొత్తం బస్తాలు ఎన్ని, నిన్నటి రూపాయలు ఎంత, ఈ మూడూ లైవ్‌లో ఉన్నవాటితో సరిపోవాలి. చీమకుర్తిలో గ్రానైట్ కాటా డేటా అయితే ఆఖరి లారీ స్లిప్పు నెంబరు చూడండి. డబ్బు తెలిసినవాళ్ళు ఎవరో ఒకళ్ళు పక్కన కూర్చుని ఆ అంకె 'ఇది సరే' అనాలి. డీబీఏకు టేబుళ్ళు తెలుసు, గుమాస్తాకు నిజం తెలుసు.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడు దాచే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగింది మీలో కొందరు చదివే ఉంటారు. వాళ్ళే దాచుకోకుండా మొత్తం రాసి బయటపెట్టారు, అందుకు వాళ్ళను మెచ్చుకోవాలి. రాత్రి పొద్దుపోయాక రెప్లికా సరిచేస్తూ, రెప్లికాలో ఖాళీ చెయ్యాల్సిన ఫోల్డరును ప్రైమరీలో తుడిచేశారు. ఒకటి రెండు సెకన్లలో ఆపారు. ఆపేసరికి దాదాపు 300 జీబీలో మిగిలింది నాలుగున్నర జీబీ. సరే, బ్యాకప్ చూద్దాం అనుకున్నారు. డేటాబేస్ 9.6 వెర్షన్, దాన్ని తియ్యడానికి నడిచిన పీజీ_డంప్ 9.2. పాత పనిముట్టు కొత్త డేటాబేస్‌ను తియ్యనంది, బ్యాకప్ అవనే లేదు. అవలేదని మెయిల్ రావాలి కదా? మెయిల్ పంపింది, కానీ సరైన సంతకం లేదని మెయిల్ సర్వరు తిప్పికొట్టింది. ఆఖరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసిన నకలు ఒకటి ఉండబట్టి ఒడ్డున పడ్డారు. ఆ ఆరు గంటల డేటా పోయింది. అయిదు రకాల రక్షణ పెట్టుకున్నారు, ఒక్కటీ పనిచెయ్యలేదు. ఎందుకు? ఏ ఒక్కదాన్నీ రీస్టోర్ చేసి చూడలేదు.

దీని నుంచి చేతి అలవాట్లు రెండు తెచ్చుకోవచ్చు. ప్రైమరీ టెర్మినల్ రంగు ఎర్రగా, రెప్లికాది పచ్చగా పెట్టుకోండి, ప్రాంప్ట్‌లో మిషను పేరు పూర్తిగా కనపడేట్టు. ఇక డిలీట్ రాసే ముందు అదే వేర్ షరతుతో సెలెక్ట్ కౌంట్ రాయండి. 14 వరసలు అని వచ్చిందా, బిగిన్ కొట్టి, డిలీట్ కొట్టి, అది కూడా 14 అంటేనే కమిట్. 14 లక్షలు అంటే రోల్‌బ్యాక్. బిగిన్ లేకపోతే రోల్‌బ్యాక్ దేనికి?

బ్యాకప్ ఎక్కడ ఉండాలి అన్నది మన ఊరివాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అదే రోజు ఒక సర్వరు నెల్లూరులో నీళ్ళలో ఉండి, బ్యాకప్ డిస్కు కావలిలో ఒకరి బీరువాలో ఉంటే? మనిషి రాలేడు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి పెట్టామని నిశ్చింతగా ఉండకండి. రెండూ అదే తీరం, అదే తుపాను. మూడు నకళ్ళు, రెండు రకాల చోట్లు, ఒకటి మన తీరానికి దూరంగా, హైదరాబాదు వైపో ముంబయి క్లౌడ్‌లోనో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపాన్ల కాలం, నెలనెలా చేసే రీస్టోర్ పరీక్ష సెప్టెంబరులో మాత్రం తప్పకూడదు. ఇంకొక మాట, బ్యాకప్‌కు తాళం వేస్తే, అంటే ఎన్‌క్రిప్ట్ చేస్తే, ఆ తాళంచెవి అదే సర్వర్లో పెట్టకండి. సర్వరుతోపాటే మునుగుతుంది.

అర్ధరాత్రి ఫోను. 'సార్, డేటాబేస్ స్లోగా ఉంది.' మీరేం చేస్తారు? చాలామంది రీస్టార్ట్ అంటారు. వద్దు. రీస్టార్ట్ చేస్తే సాక్ష్యం పోతుంది, పైగా మెమరీలో వేడిగా ఉన్న పేజీలన్నీ పోయి లేచాక ఇంకా నెమ్మదిస్తుంది. ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎప్పటి నుంచి? అందరికా, ఒక్క స్క్రీనులోనేనా? ఇవాళ ఏం మార్చారు? ఆ మూడో ప్రశ్నకు మొదట 'ఏం మార్చలేదు సార్' అంటారు, రెండోసారి నెమ్మదిగా అడగండి.

తర్వాత ఎవరెవరు కనెక్ట్ అయి ఏం చేస్తున్నారో చూపించే పీజీ_స్టాట్_యాక్టివిటీ తెరవండి. అందులో 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అని ఒకరు గంట నుంచి కూర్చుని ఉంటారు. వాళ్ళెవరు? ప్రోగ్రాము బిగిన్ అంది, ఒక వరస అప్‌డేట్ చేసింది, ఎస్ఎంఎస్ పోయేదాకా ఆగుదామని కూర్చుంది. ఆ వరస కావాల్సినవాళ్ళంతా దాని వెనక. పీజీ_బ్లాకింగ్_పిడ్స్ అడిగితే ఎవరి వెనక ఎవరున్నారో చెప్తుంది. ముందు నడుస్తున్న క్వెరీని ఆపే పీజీ_క్యాన్సిల్_బ్యాకెండ్. ఊరికే కూర్చున్నదానికి అది పట్టదు, అప్పుడు కనెక్షన్‌నే తెంచే పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్. ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి పోయి కిల్ మైనస్ నైన్ మాత్రం కొట్టకండి. ఒక ప్రాసెస్‌ను అట్టా చంపితే పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నిటినీ తెంచి రికవరీలోకి పోతుంది.

అట్టా తెరిచిపెట్టిన ట్రాన్సాక్షన్‌తో ఇంకొక నష్టం ఉంది, అది ఆ రాత్రి కనపడదు. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే పాత వరస మీద దిద్దడం కాదు, కొత్త వరస రాసి పాతదాన్ని చచ్చినదిగా వదలడం. ఆ చచ్చినవాటిని ఊడ్చేది ఆటోవ్యాక్యూమ్. పాత ట్రాన్సాక్షన్ ఒకటి తెరిచి ఉన్నంతసేపూ, దానికి అవసరపడతాయేమోనని అప్పటి నుంచి చచ్చినవాటిని ఊడవదు. టేబుల్ ఉబ్బుతుంది. డిఫాల్టు లెక్క ఇంకొకటి చూసుకోండి: టేబుల్లో 20 శాతం, పైన 50 వరసలు చస్తేనే ఊడవడం మొదలవుతుంది. కోటి వరసల టేబుల్లో అంటే 20 లక్షలు చచ్చేదాకా! పెద్ద టేబుళ్ళకు ఆ 0.2ను 0.02 చెయ్యండి, టేబుల్ మటుకే మార్చవచ్చు. ఆటోవ్యాక్యూమ్ వల్ల స్లో అవుతుందని కొందరు దాన్ని ఆపేస్తారు. ట్రాన్సాక్షన్ నెంబర్లు 32 బిట్లవి, దాదాపు 200 కోట్ల దూరం వరకే ముందు వెనక తెలుస్తుంది. పాతవాటిని ఫ్రీజ్ చేసేది కూడా వ్యాక్యూమే. డిఫాల్టుగా 20 కోట్లు దాటితే ఆపేసినా అదే లేచి నడుస్తుంది, దాన్ని కూడా చంపుకుంటూ పోతే ఒకనాడు డేటాబేస్ రాయడం మానేస్తుంది.

పగలు చేసే మార్పుల్లో ఒకటే చెప్పి ముందుకెళతాను. టేబుల్ నిర్మాణం మార్చే ఆల్టర్ టేబుల్ ఒక్క క్షణం పని అనుకుంటాం. కానీ ఎవరో రిపోర్టు కోసం అదే టేబుల్ మీద పదినిమిషాల సెలెక్ట్ నడుపుతున్నారు. ఆల్టర్ దాని వెనక నిలబడుతుంది. తర్వాత వచ్చిన ప్రతి చిన్న సెలెక్టూ ఆల్టర్ వెనక నిలబడుతుంది. క్షణం పని, పదినిమిషాల ఆగుడు. లాక్_టైమౌట్ 3 సెకన్లు పెట్టి కొట్టండి. దొరక్కపోతే తప్పుకుంటుంది, మళ్ళీ ప్రయత్నించండి. ఇండెక్స్ అయితే కాన్‌కరెంట్లీ అని, అంటే రాసేవాళ్ళను ఆపకుండా, కట్టండి. అది మధ్యలో విఫలమైతే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, తీసేసి మళ్ళీ కట్టాలి.

నెల్లూరులోనో ఒంగోలులోనో ఇంట్లో కూర్చుని హైదరాబాదుకో అమెరికాకో పనిచేసేవాళ్ళు ఇక్కడ కొందరున్నారు. మీకు ఒక మాట. పెద్ద పని ఏది మొదలుపెట్టినా సర్వర్లో టీమక్స్ తెరిచి అందులో మొదలుపెట్టండి. మీ ఇంట్లో కరెంటు పోయినా, వీపీఎన్ తెగినా సర్వర్లో పని ఆగదు. మళ్ళీ కనెక్ట్ అయి చూసుకోవచ్చు. ఇన్వర్టరూ, వేరే కంపెనీ సిమ్మూ ఉంచుకోండి. వారమంతా ఒకే మనిషి రాత్రి ఫోను ఎత్తే సంస్థలో పొరపాట్లు రాక మానవు, ఇది నా గట్టి నమ్మకం. వంతులు వేసుకోండి, వంతు మారేటప్పుడు అయిదు వాక్యాలు రాసి ఇవ్వండి: ఏం జరిగింది, ఏం చేశాను, ఏం మిగిలింది. కాగితం. మళ్ళీ అదే మాట.

తెలుగు అక్షరం డేటాబేస్‌లో

ఇది మన సొంత సంగతి, వేరే దేశంవాళ్ళు వచ్చి మనకు చెప్పరు.

బోర్డు మీద రాస్తున్నాను, చూడండి. రాజ్‌కుమార్. రెండోసారి, రాజ్కుమార్. మొదటిదాంట్లో జ పొల్లు విడిగా నిలబడింది. రెండోదాంట్లో క వెళ్ళి జ కింద ఒత్తుగా చేరింది. మొదటిదాంట్లో జ పొల్లుకీ క కీ మధ్య కంటికి కనపడని అక్షరం ఒకటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. ఒక ఫోను కీబోర్డు దాన్ని వేస్తుంది, ఇంకొకటి వెయ్యదు. ఆసుపత్రిలో ఒక రోగి పేరు పొద్దున ఒక రకంగా, సాయంత్రం ఇంకో రకంగా ఎక్కింది. వెతికితే ఒకటి దొరుకుతుంది, రెండోది దొరకదు. ఫైలు లేదంటారు, కొత్త ఫైలు తెరుస్తారు. ఒక మనిషి ఇద్దరవుతాడు.

ఎట్టా పట్టుకోవాలి? లెంగ్త్ అడగండి. కనపడని అక్షరం లేనిది 10 వస్తుంది. ర, దీర్ఘం, జ, పొల్లు, క, కొమ్ము, మ, దీర్ఘం, ర, పొల్లు. పది. ఉన్నది 11 వస్తుంది. బైట్లు లెక్కపెట్టే ఆక్టెట్_లెంగ్త్ అడిగితే 30, 33. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు, ఆ కనపడనిది కూడా 3 బైట్లే. అందుకే పేరుకు 20 బైట్ల గది పెట్టే పాత ప్రోగ్రాముల్లో తెలుగు పేరు ఏడో అక్షరం మధ్యలో తెగుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో వార్‌చార్ లెక్క అక్షరాల్లోనే ఉంటుంది, బైట్లలో కాదు, అయితే గుణింతపు గుర్తు కూడా ఒక అక్షరం కిందే లెక్క అని మరవకండి.

ఐత్వం ఇంకొక చిక్కు. 'కై' లోని ఐత్వం ఒకే గుర్తుగా రావచ్చు, లేదా ఎత్వం ఒకటి, కింది గుర్తు ఒకటి, రెండుగా రావచ్చు. తెర మీద రెండూ ఒకటే. డేటాబేస్‌కు రెండూ వేరు. 13వ వెర్షన్ నుంచి నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంది, అది రెండుగా ఉన్నదాన్ని ఒకటి చేస్తుంది. కనపడని అక్షరాన్ని మాత్రం అది తియ్యదు, రీప్లేస్‌తో మనమే తియ్యాలి. పద్ధతి ఏందంటే, మనిషి రాసిన పేరును ముట్టుకోకండి, అది వాళ్ళ పేరు. పక్కన వెతకడానికని ఇంకో నిలువు పెట్టి, కనపడనివి తీసేసి, నార్మలైజ్ చేసి అందులో ఉంచండి. ఇండెక్స్ దాని మీద కట్టండి.

వరస సంగతి. అక్షరమాలలో ళ, క్ష, ఱ చివర వస్తాయి కదా. యూనికోడ్ నెంబర్లలో ఱ వచ్చి ర పక్కనే ఉంటుంది, ళ వచ్చి వ కన్నా ముందు. కొలేషన్ అంటే వరస పెట్టే నియమం; సీ కొలేషన్‌లో ఆర్డర్ బై అంటే ఆ నెంబర్ల వరసే వస్తుంది. మరి ఆపరేటింగ్ సిస్టమ్ కొలేషన్ వాడితే? 2018లో లినక్స్ మూల లైబ్రరీ గ్లిబ్‌సీ 2.28 వచ్చినప్పుడు వరసల నియమాలు మారాయి. సెంటోఎస్ 7 నుంచో ఉబుంటు 18.04 నుంచో డేటా ఫోల్డరును అట్టాగే కొత్త సిస్టమ్‌కు ఎత్తి పెడితే, పాత నియమంతో కట్టిన ఇండెక్స్‌లో కొత్త నియమంతో వెతుకుతుంది. వరస ఉంటుంది, దొరకదు. యూనిక్ అన్నచోట ఒకే పేరు రెండుసార్లు ఎక్కుతుంది. మందు రీఇండెక్స్. ఉందో లేదో చూడ్డానికి యామ్‌చెక్ ఎక్స్‌టెన్షన్.

మనం తిరిగి ఇచ్చేది

పోస్ట్‌గ్రెస్‌కు యజమాని కంపెనీ లేదు. ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి 5 ఏళ్ళు సవరణలు ఇస్తారు. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరులలో చిన్న వెర్షన్లు వస్తాయి. అవి పెట్టుకోవడానికి డేటా తీసి మళ్ళీ ఎక్కించనక్కర్లేదు, ప్రోగ్రాము మార్చి రీస్టార్ట్ చేస్తే చాలు, మానకండి. ఇదంతా ఎవరు చేస్తారు? ప్రపంచమంతా మెయిలింగ్ లిస్టుల్లో ఉత్తరాలు రాసుకునేవాళ్ళు. ఉత్తరం అన్నాను, గమనించండి. అక్కడ మీ ఊరు అడగరు, కాలేజీ అడగరు. మీరు రాసింది చదువుతారు.

ఎట్టా రాయాలి? 'నా క్వెరీ స్లో, అర్జెంట్' అంటే ఎవరు ఏం చెప్పగలరు? వెర్షన్ పూర్తిగా రాయండి. టేబుల్ నిర్మాణం, ఇండెక్సులు, వరసలెన్ని. క్వెరీ ఏ దారిన నడిచిందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్‌లో అనలైజ్, బఫర్స్ రెండూ పెట్టి వచ్చింది వచ్చినట్టు. ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది. ఫొటో తీసి పెట్టకండి, అక్షరాలుగా పెట్టండి, చదివేవాళ్ళు కాపీ చేసి నడిపి చూస్తారు. చిన్న ఉదాహరణ తయారుచేసి, ఖాళీ డేటాబేస్‌లో ఎవరైనా నడిపితే అదే తప్పు వచ్చేట్టు ఇస్తే అంతకన్నా మేలు లేదు. అది తయారుచేస్తుండగానే చాలాసార్లు జవాబు మీకే దొరుకుతుంది. కస్టమర్ల పేర్లు, ఫోన్లు తీసేసి పంపండి. ఆ లిస్టుల ఆర్కైవు అందరికీ కనపడుతుంది, వెనక్కి తీసుకోలేం. జవాబు దొరికాక ఏది పనిచేసిందో మళ్ళీ రాయండి. మూడేళ్ళ తర్వాత ఇంకెవరో వెతుక్కుంటూ వస్తారు.

కోడు రాయడం రాకపోయినా ఉపయోగపడవచ్చు. ప్యాచ్‌లను, అంటే కోడుకు పంపిన సవరణలను, కమిట్‌ఫెస్ట్ అనేదాంట్లో పరిశీలిస్తారు. ఒక ప్యాచ్ తీసుకుని, సోర్సు మీద వేసి, కంపైల్ చేసి, మేక్ చెక్ అనే పరీక్షలు నడిపి, డాక్యుమెంటేషన్‌లో చెప్పినట్టే చేస్తోందో లేదో చూసి రాయండి. పరిశీలించే చేతులు ఎప్పుడూ తక్కువే. తెలుగు పేర్లతో పరీక్షించి చెప్పడం మనకన్నా బాగా ఎవరు చెయ్యగలరు?

ఇక ఊళ్ళో. రక్తదాతల పట్టిక, వరద బాధితుల పట్టిక, ఇవి ఎక్సెల్లో తయారై వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. మంచి పనే, కానీ జాగ్రత్తలున్నాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే ఉన్నదున్నట్టు ఉంచుతుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నెంబరు కొడితే ఆఖరి అంకె సున్నా అవుతుంది. మొదట సున్నా ఉన్న ఖాతాకు ఆ సున్నా రాలిపోతుంది. సాయం డబ్బు ఎక్కడికి పోతుంది? ఆ నిలువును ముందే టెక్స్ట్ అని పెట్టాలి; కొట్టాక మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు. డేటాబేస్‌లో కూడా ఫోను, ఖాతా, పిన్‌కోడ్ టెక్స్ట్‌గానే ఉంచండి, వాటిని కూడేది లేదు కదా. రూపాయలు న్యూమరిక్‌లో, ఫ్లోట్‌లో కాదు. తేదీ 05/06 అంటే జూన్ అయిదా, మే ఆరా? సంవత్సరం ముందు రాయండి.

ఆధార్ నెంబరు అవసరం లేకపోతే అడగనే అడగకండి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో, భద్రత సరిగా పాటించకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. సైబర్ ఘటన ఏదన్నా జరిగితే 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఆదేశం. సంఘానికో గ్రంథాలయానికో ఉచితంగా చేసిపెడుతున్నప్పుడు కూడా, వాళ్ళ డేటా మీ ల్యాప్‌టాప్‌లో ఉంచుకోకండి. పాస్‌వర్డ్‌లు కవర్లో పెట్టి వాళ్ళ బీరువాలో ఉంచి, కవరు మీద తేదీ వేసి, సంతకం తీసుకోండి. మీరు రేపు బెంగళూరు వెళ్ళిపోతే వాళ్ళ పని ఆగకూడదు.

సరే, నేను మాట్లాడింది చాలు. మీ దగ్గర ల్యాప్‌టాప్‌లున్నాయి, అందరికీ తెల్లకాగితం ఇస్తున్నారు. మీ ల్యాప్‌టాప్‌లో నమూనా డేటాబేస్ ఒకటి ఉంది. దాన్ని బ్యాకప్ తీసి, కొత్త పేరుతో రీస్టోర్ చెయ్యడానికి ఏమేం చెయ్యాలో ఆ కాగితం మీద రాయండి. ఇరవై నిమిషాలు. ఆ తర్వాత కాగితం పక్కవాళ్ళకు ఇవ్వండి. వాళ్ళు కాగితంలో ఉన్నదే చెయ్యాలి, లేనిది ఊహించుకుని చెయ్యకూడదు. రాసినవాళ్ళు పక్కన నిలబడొచ్చు గానీ నోరు విప్పకూడదు. ఎక్కడ ఆగిపోయారో ఆ వాక్యం దగ్గర గీత గియ్యండి. కాగితాలు వెనక వరస నుంచి పంచుతారా? అమ్మా, అటువైపు కూడా ఇవ్వండి.